మనవాళ్ళ పేటా? మంచి పేటా?

ఊరు మారువాడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యేది? జీతమెంత యని కాదు; అది ఉద్యోగపు ఉత్తరములోనే వ్రాసియుండును. కచేరి యెంత దూరమని కాదు. అది చేతిలోని ఫోనే చెప్పును. కాని మన కోలారు జిల్లా తెలుగు కుటుంబములలో కొడుకునకో కూతునకో బెంగళూరులో ఉద్యోగమైన దినమున ఇంటిల్లిపాదియు అడుగు ప్రశ్న మరియొకటి కలదు. ‘‘అక్కడ మనవాళ్ళు ఉన్నారా?’’ ఉన్నారన్నచో తల్లి నిశ్చింతగా నిద్రించును. లేరన్నచో తండ్రి వేరొక పేట వెదకుమనును. ఈ ప్రశ్న ప్రేమవలన పుట్టినదే. ఐనను ఇది తప్పు ప్రశ్న యనియు, దీనిని పట్టుకొని ఇల్లు వెదకుట మన బిడ్డలకును, మన భాషకును, తరతరములుగా ఇతరుల నడుమ గౌరవముతో బ్రతికిన మన పేరునకును కీడు చేయుననియు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషను చదివి, గుమాస్తా బల్లపై దస్త్రములు త్రిప్పుచు కాలము గడిపి, ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచున్నవారము. దస్త్రములు త్రిప్పినవానికి ఒక అలవాటు పట్టువడును. ఎంతవారు ఏమి చెప్పినను ‘‘ఇందుకు ఆధారమేది?’’ యని అడుగుట. ‘‘మనవాళ్ళున్న పేటయే మంచి పేట’’ అను మాటకును ఆ ప్రశ్ననే వేసి చూతము.

మన పెద్దలు పేట నెన్నుకొని వచ్చినవారు కారు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారు కోలారు బంగారు గనుల పనికి పూనుకొన్నది మొదలు, నేటి చిత్తూరు, అనంతపురము ప్రాంతములనుండి తెలుగువారును, ఆర్కాటు, సేలము ప్రాంతములనుండి తమిళులును కూలికై తరలి వచ్చిరి. వారికి ఇల్లు చూపించినది బ్రోకరు కాదు, కంపెనీ. దొరలకు తోటలు గల బంగళాలు, సాయంకాలము కూర్చుండుటకు క్లబ్బు. కూలివారికి లైన్లు. లైను ఇల్లనగా తడక గోడ, రేకు కప్పు, ఒక్క గది. ఎవడెక్కడ నుండవలెనో వాని రంగును బట్టియు, పనిని బట్టియు నిర్ణయించిరి. 1902లో శివనసముద్రమునుండి గనులకు విద్యుత్తు వచ్చెనని మనము గర్వముతో చెప్పుకొందుము. ఆ విద్యుత్తు ముందు యంత్రములకును బంగళాలకును పోయెను. తడక గుడిసెలను చేరుటకు చాలకాలము పట్టెను. ‘వీరు ఇక్కడ, వారు అక్కడ’ అని గీత గీచి మనుష్యులను కాపురముంచుట యెట్టిదో మనకు ఇతరులు చెప్పనక్కరలేదు. మన తాతలు ఆ గీత లోపల పుట్టి, ఆ గీత లోపలనే గిట్టిరి.

ఐనను ఆ లైన్లలో కంపెనీవారు తలపెట్టని మేలొకటి జరిగినది. గోడ తడకది గనుక ఇవతలి తెలుగు మాట అవతలి తమిళునకు వినబడెను. వాని పాట మనకు వినబడెను. కొళాయి ఒక్కటియే గనుక బిందెలు వరుసగా నిలిచెను. బిందెలతోపాటు భాషలును నిలిచెను. మారికుప్పము, చాంపియన్ రీఫ్, ఊరుగాము, కోరమండలము లందు పెరిగిన బిడ్డ బడికి పోకముందే రెండు మూడు భాషలు నేర్చినది. భూమిలోపల 3 కిలోమీటర్లకు పైగా లోతున పని చేయువాడు ప్రక్కనున్నవానిని ‘‘నీది ఏ భాష?’’ యని అడుగడు. ‘‘పైన రాయి నిలుచునా?’’ యని అడుగును. ఇన్ని భాషల నడుమ నూరు సంవత్సరములకు పైగా బ్రతికియు మనము తెలుగు మరచితిమా? మరువలేదు. ఈ సంచికను మీరు చదువుచుండుటయే అందుకు సాక్ష్యము.

2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడెను. ఆనాటినుండి మన కుటుంబముల బ్రతుకు బెంగళూరు దారి పట్టినది. 1894లో బంగారము కొరకు వేసిన రైలుదారి నేడు మనుష్యులను మోయుచున్నది. తెల్లవారుజామున మారికుప్పములో ఎక్కి, బంగారపేట మీదుగా బెంగళూరు చేరి, రాత్రి భోజనము వేళకు ఇల్లు చేరువారు వేలకొలది కలరు. బంగారపేటనుండియే బెంగళూరు సుమారు 70 కిలోమీటర్లు. ఇట్లు ఏండ్ల తరబడి తిరిగి అలసి, తుదకు ‘‘ఇక అక్కడనే ఇల్లు చూచుకొందము’’ అను కుటుంబములు ఏటేట పెరుగుచున్నవి. చదువుకొన్న పిల్లలు కంప్యూటరు ఉద్యోగములకో, విద్యాలయములలో ఉపన్యాసక పదవులకో ఎంపికై నేరుగా పోవుచున్నారు. తాతకు కంపెనీ ఇల్లు చూపెను; తండ్రి రైలులోనే సగము కాపురము చేసెను; మనుమనికి మాత్రము తన పేటను తానే ఎన్నుకొను భాగ్యము కలిగినది. మూడు తరములకు దొరికిన ఈ స్వాతంత్ర్యమును ఏమి చేసికొనుచున్నాము? కంపెనీవారు గీచిన గీతనే మన చేతితో మనము మరల గీచుకొనుచున్నాము!

మనవాళ్ళ పేట కావలెననువారు మూడు కారణములు చెప్పుదురు. భాష నిలుచును, కష్టమునకు ఆదుకొందురు, సంబంధములు కలియును. ఒక్కొక్కదానిని విచారింతము.

మొదటిది భాష. కృష్ణరాజపురము, మారతహళ్ళి, వైట్‌ఫీల్డు ప్రాంతములలో నేడు వీథికొక ఆంధ్ర భోజనశాల కలదు. వసతి గృహముల గుమ్మములందు తెలుగే వినబడును. నిజమే. కాని ఆ వీథులలో వినబడు తెలుగు ఆరు మాసములకొకసారి ఇల్లు మార్చు కుర్రవాండ్ర తెలుగు. అది నిలిచి వేరూనిన తెలుగు కాదు, ప్రయాణములో నున్న తెలుగు. భోజనశాలలో గోంగూర పచ్చడి దొరికినంతనే బిడ్డకు అక్షరములు రావు. భాష నిలుచునది పేటలో కాదు, ఇంటిలో. ఇంటిలోను వంటింటిలోను, పడుకొనబోవు ముందు చెప్పు కథలోను.

దీనికి ఆధారము కావలెనా? రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురము సీమనుండి పోయి 1912 మొదలు 1949 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. విద్యాలయపు ఉద్యోగమునకై ఊరు మారినవారికి ఇంతకు మించిన ఉదాహరణ మేమున్నది? ఆయన ఉన్నది కన్నడపు నడిబొడ్డు. ఆ నడిబొడ్డున కూర్చుండియే తెలుగు విమర్శకు వెలుగు నిచ్చిరి. తరువాత తిరుపతి చేరి అన్నమాచార్యుల సంకీర్తనలకు స్వరము కూర్చిరి. కన్నడిగులు ఆయనను తమవానిగా చూచుకొనిరి. ఆయన తెలుగు దానివలన ఒక్క అక్షరమైనను తరుగలేదు.

మన సీమలోనికే రండు. కైవారము నారేయణ తాతగారు తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పిరి. రెండు భాషలవారును నేటికిని ఆయనను తాతయ్య యనియే పిలుతురు. మాలూరు తాలూకాలో పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటిభాష తమిళము. ఆయన కన్నడ కథకు పెద్ద దిక్కై, 1983వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కార మందుకొనిరి. ఇంటిలో ఒక భాష, వీథిలో ఒక భాష ఉండుట మన జిల్లాలో లోపము కాదు. అదియే మన జిల్లా సొత్తు.

మనవారందరు ఒక్కచోట కాపురమున్నచో భాష తప్పక నిలుచుననువారు దక్షిణాఫ్రికా వైపు చూడవలెను. 1860 మొదలు చెఱకు తోటల కూలికై నేటాలు సీమకు పోయిన భారతీయులలో తెలుగువారు అనేకులు. వారు 1931లో ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొనిరి. 1950లో అక్కడి తెల్లవారి ప్రభుత్వము గ్రూప్ ఏరియాస్ చట్టమను దుర్మార్గపు చట్టము చేసి, ఏ రంగువారు ఏ పేటలో నుండవలెనో శాసించెను. దాని ఫలముగా 1960ల నుండి డర్బను నగరపు భారతీయులను వేలకొలది చాట్స్‌వర్తు అను పేటకు తరలించిరి. పేట నిండ భారతీయులే. ఇరుగు పొరుగు అందరును మనవారే. ఐనను తరువాతి తరములలో ఇంటిభాష ఇంగ్లీషే యాయెను. తెలుగు మిగిలినచోట్ల అది పూనికతో పాఠము చెప్పిన పెద్దల చలువయే గాని, పేట చలువ కాదు. నేడు అమెరికాలో ఎడిసన్, ఫ్రిస్కో పట్టణములలో తెలుగు కుటుంబములు గుంపులుగా నున్నవి. అక్కడను తెలుగు చదువనేర్చిన బిడ్డ యెవరని విచారించినచో, ఇంటిలో ఎవరో ఒకరు విసువక నేర్పిన బిడ్డయే యని తేలును.

రెండవ కారణము కష్టమునకు ఆదుకొందురనుట. ఇందు కొంత సత్యము కలదు; దానిని మేము కాదనము. కొత్తగా పోయిన ఆడపిల్ల తొలి రెండు మూడు మాసములు తెలిసినవారి యింట దిగుట తప్పు కాదు, అవసరము. కాని ఊతకఱ్ఱ నడక వచ్చువరకే. అర్ధరాత్రి జ్వరము వచ్చినపుడు తలుపు తట్టవలసినది ప్రక్కయింటి తలుపు. ఆ యింటివారు కన్నడిగులో, తమిళులో, ఉర్దూ మాటలాడువారో కావచ్చును. వారితో నాలుగు మాటలు కలుపుకొన్నవానికి ఆ తలుపు తెరచుకొనును. ‘‘మావాళ్ళు రెండు వీథుల కవతల నున్నారు’’ అని ప్రక్కయింటివాని ముఖము చూడక తిరుగువానికి తెరచుకొనదు. గని లోపల పై రాయి విరిగి పడినపుడు మన తండ్రులను భుజముపై మోసి పైకి తెచ్చినవారు ఏ భాషవారో మనము మరువరాదు.

ఇక తెలుగువారు నలుగురు కలిసి కూర్చుండవలెనన్న కోరిక యున్నచో అందుకు సంఘములు కలవు. బెంగళూరు వయ్యాలికావలులో తెలుగు విజ్ఞాన సమితియు, దాని శ్రీకృష్ణదేవరాయ కళామందిరమును కలవు. 2023 మార్చిలో కృష్ణరాజపురము, వైట్‌ఫీల్డుల నడుమ మెట్రో రైలు వచ్చెను. అదే సంవత్సరము అక్టోబరులో అది నగరము నడుమకు కలిసెను. నగరపు తూర్పు కొసనుండి పడమటి కొసకు రైలెక్కి పోవచ్చును. పండుగనాడు కలియుటకు సంఘము చాలును. దినదినము గుంపుగా కాపురముండ నక్కరలేదు.

మూడవ కారణము సంబంధములు కలియుననుట. ఇక్కడనే అసలు గుట్టు బయటపడుచున్నది. ‘మనవాళ్ళు’ అను మాట మొదట తెలుగువారని అర్థమిచ్చును. ఒక అడుగు ముందుకు పోయినచో ఫలానా జిల్లావారని అర్థమిచ్చును. మరియొక అడుగు పోయినచో ఫలానా కులమువారని అర్థమిచ్చును. భాష పేరు చెప్పి కులమును మోసికొనిపోవు బండి ఇది. మాకు బాగుగా తెలిసిన ఒక కుర్రవాడు నగరపు తూర్పున ఇల్లు చూచుకొనెను. గదులు నచ్చినవి, అద్దె కుదిరినది. ఇంటి యజమాని తెలుగువాడే. ‘‘మీరెవరండీ?’’ యని అడిగెను. ‘‘తెలుగువాళ్ళమేనండీ, కోలారు’’ అని కుర్రవాడు సంతోషముతో చెప్పెను. ‘‘అది మాటలోనే తెలిసింది లెండి. మీరెవరని?’’ కుర్రవాడు చెప్పెను. మరునాడు ఫోను చేయగా, ఇల్లు మరియొకరికి ఇచ్చివేసితిమని జవాబు వచ్చెను. ఆ యిల్లు మరి మూడు వారములు ఖాళీగానే యుండెను. ‘మనవాళ్ళ పేట’ ఆ బిడ్డకు చేసిన మేలిది! చివరకు వానికి ఇల్లిచ్చినది కన్నడపు కుటుంబము. వారు అడిగిన ప్రశ్నలు రెండే: అద్దె సకాలమునకు ఇత్తువా? రాత్రి గేటు తాళము వేయుదువా?

ఇట్టిది బెంగళూరులోనే జరుగునని అనుకొనవలదు. రాబర్ట్‌సనుపేటలో, కోలారులో, ముళబాగిలులో ఇండ్లు అద్దెకిచ్చు మనవారు గుండెపై చేయి వేసికొని చెప్పవలెను: ఆ ‘‘మీరెవరు?’’ అను ప్రశ్న మన వాకిట వినబడలేదా? మన వాకిట ఇతరులను నిలువదీయుచు, పరుల వాకిట మన బిడ్డలను నిలువదీసినపుడు కన్నీరు పెట్టుకొనుట ఏమి న్యాయము?

చట్టము మాట యేమందురా? భారత రాజ్యాంగపు 19వ అధికరణము పౌరునకు దేశములో ఎక్కడనైనను నివసించుటకును స్థిరపడుటకును హక్కు నిచ్చినది. 29వ అధికరణము తన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కు నిచ్చినది. కన్నడ రాజ్యమున అల్పసంఖ్యాకులమైన మనకు ఈ రెండు హక్కులును రెండు కన్నులు. ఒక వర్గమువారు తమకు మాత్రమే యని ఇండ్ల సంఘము పెట్టుకొనవచ్చునా అను ప్రశ్న సుప్రీంకోర్టు వరకు పోయినది. అహమ్మదాబాదు పార్సీల సహకార గృహ సంఘము విషయమున 2005లో ఆ న్యాయస్థానము, సంఘము తన నియమమును నిలుపుకొనవచ్చునని తీర్పు చెప్పెను. దీనిని చూపించి ‘‘మనకును ఒక తెలుగు లేఔటు ఏల ఉండరాదు?’’ అనువారు కలరు. మేము చెప్పునది ఒక్కటే. చట్టము ఒప్పినదెల్ల బుద్ధిమంతులు చేయవలసినది కాదు. అల్పసంఖ్యాకులు గోడ కట్టుకొన్నచో, ఆ గోడకు రెండు వైపుల కలవు. లోపలివారికి అది కోటవలె కనబడును. వెలుపలివారికి ‘‘వీరు మనతో నుండుట కొల్లనివారు’’ అను బోర్డువలె కనబడును. ఎప్పుడైనను భాషల తగవు రేగినచో మొదట రాయి పడునది ఆ బోర్డు మీదనే.

పేటల చరిత్రయే దీనికి సాక్ష్యము చెప్పుచున్నది. మన పిల్లలు ఎగబడి పోవుచున్న వైట్‌ఫీల్డు ఎట్లు పుట్టెనో ఎందరికి తెలియును? 1882లో డి. ఎస్. వైట్ అను పెద్దమనిషి, ఆంగ్లో ఇండియనులకు తమవారిదే యగు ఊరొకటి కావలెనని తలచెను. మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు 3,900 ఎకరముల భూమిని వారి సంఘమునకు దయచేసెను. నడుమ మైదానము, చుట్టును ఇండ్లు, ప్రార్థనామందిరము. అంతయు ఒక్క జాతివారికే. ఏమాయెను? అనుకొన్నంతమంది రాలేదు. వచ్చినవారి సంతతియు చాలవరకు దేశాంతరములు పోయిరి. ఆ పేట మరల కళకళలాడినది, అక్కడ 1990లలో కంప్యూటరు కచేరీలు వెలసి, దేశపు నలుమూలల జనము వచ్చి కలిసిన తరువాతనే. మనవాళ్ళ పేట యని కట్టినది నిలువలేదు. అందరి పేట యైనది నిలిచినది. ఆ పేటకే పోయి ‘‘ఇక్కడ మనవాళ్ళు ఏ వీథిలో ఉన్నారు?’’ అని అడుగుట చూచినచో ఆ వైట్ దొర ఆత్మ నవ్వుకొనదా?

అట్లయిన పేటను ఎట్లు ఎన్నుకొనవలెను? తప్పు ప్రశ్నను తీసివేసినపుడు ఒప్పు ప్రశ్నలను చేతికియ్యవలసిన బాధ్యత మాపై కలదు. అవి ఐదు.

మొదటిది నీరు. ఈ యింటికి నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? కావేరి కొళాయియా, బోరుబావియా, ట్యాంకరా? 2024 వేసవిలో బెంగళూరు తూర్పు శివారులలో లక్షలు పోసి కొన్న ఇండ్లవారు సయితము ట్యాంకరు కొరకు ఎదురుచూచుచు కూర్చుండిరి. ఆ సంవత్సరము అక్టోబరులో కావేరి అయిదవ దశ ప్రారంభమై, శివారులోని 110 గ్రామములకు నీరు చేర్చుటకు ఏర్పాటైనది. ఏ వీథికి అందినదో, ఏ వీథికి అందలేదో మేడ యజమాని మాట నమ్మక ప్రక్కయింటి ఇల్లాలిని అడుగవలెను. బేతమంగళము నీటికై బిందెలు మోసిన తల్లుల బిడ్డలు నీటిని గూర్చి అడుగుటకు సిగ్గుపడవలదు. ఇంకొక విడ్డూరము చూడుడు. 2018 నుండి బెంగళూరు వాడి విడిచిన నీటిని శుద్ధిచేసి గొట్టముల ద్వారా మన కోలారు చెరువులకు పంపుచున్నారు. మన బిడ్డలు అక్కడికి, వారు వాడిన నీరు ఇక్కడికి! అంతగా ముడివడిన రెండు ఊళ్ళ నడుమ ‘మన, పర’ యని గీత గీచుట సాధ్యమా?

రెండవది కాలము. దూరమును కిలోమీటర్లలో కొలువరాదు, గడియారముతో కొలువవలెను. సోమవారము ఉదయము తొమ్మిది గంటలకు ఆ యింటినుండి కచేరికి ఒకసారి పోయి చూచి, తరువాతనే అడ్వాన్సు ఇయ్యవలెను. వానకాలములో ఆ దారి యెట్లుండునో అడుగవలెను. అట్లే ఆ యింటినుండి కృష్ణరాజపురమో, వైట్‌ఫీల్డో రైలు స్టేషను ఎంతసేపు? శనివారము సాయంకాలము బయలుదేరి రాత్రికి తల్లి చేతి ముద్ద తినగల చోట ఇల్లు తీసికొన్నవాడు ఊరు విడువలేదు. నెలకు పది వేలు మిగులునని మరియొక మూలకు పోయినవాడు ఊరు విడిచినట్లే.

మూడవది పెద్దలు. ఆ యింటిలో తల్లిదండ్రులు వచ్చి పది దినములుండుటకు చోటున్నదా? మెట్లెన్ని? కాలినడకను పోదగిన దూరములో మందుల అంగడి, వైద్యుడు, కూరగాయల బండి, కూర్చుండుటకు ఒక చెట్టునీడ కలవా? ఇరువదవ అంతస్తులోని గాజు గదిలో మాటలాడు మనిషి లేక, దూరదర్శనము ముందు దినమంతయు గడిపి, ‘‘నన్ను కోలారుకు పంపివేయరా నాయనా’’ అని దుఃఖించిన ముసలివారిని మేమెరుగుదుము. వారు కోరినది తెలుగు పేట కాదు. పలకరించు మనిషి యున్న పేట.

నాలుగవది వీథి. ఆ వీథిలో పిల్లలు ఏ భాషలో ఆడుకొనుచున్నారు? కన్నడమున ఆడుకొనుచున్నచో అది మంచి వీథి. ఇంగ్లీషు తప్ప వేరేమియు వినబడకున్నచో అది అనుమానింపదగిన వీథి. అందరు తెలుగువారే యైనను సరే. ఇంటిలో తెలుగు, వీథిలో కన్నడము నేర్చిన బిడ్డకు రెండు తల్లులు. ఏదియు సరిగా రాక ఇంగ్లీషు ముక్కలు అప్పగించు బిడ్డకు ఇద్దరును సవతితల్లులే.

ఐదవది యజమాని ప్రశ్నలు. అద్దె, అడ్వాన్సు, ఒడంబడిక, సున్నము ఖర్చు. వీనిని గూర్చి అడుగువాడు పెద్దమనిషి. కులమును గూర్చి అడుగువాడు, ఎంత తీయగా తెలుగు మాటలాడినను, మనవాడు కాడు. మన కులమువారికే ఇత్తుమని అతడు మనకే ఇల్లు ఇయ్యజూపినను, చేతులు జోడించి మెట్లు దిగి రావలెను. ఇది కష్టమైన మాట యని మాకు తెలియును. ఐనను ఇది చెప్పనిచో పై నాలుగును వ్యర్థము.

మన సీమ పెద్దమనిషిని ఒకరిని తలచుకొందము. 2007లో చిక్కబళ్ళాపురము వేరు జిల్లా కాకముందు ముద్దేనహళ్ళి మన కోలారు జిల్లాలోనిదే. అక్కడ తెలుగు ఇంట పుట్టిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు చదువునకై బెంగళూరు చేరిరి. మేనమామ అండ కొంత యుండినను, ఒక కొడగు కుటుంబపు పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆ ఆశ్రయమున చదువు సాగించి 1881లో బి.ఏ. పూర్తిచేసిరి. తరువాత పూనా పోయి మరాఠీలనడుమ ఇంజనీరింగు చదివిరి. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినపుడు ఆ నగరమునకు రక్షణ మార్గము చూపిరి. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నుండిరి. ఆ బాలుడు బెంగళూరు చేరిన దినమున ఆ తల్లి ‘‘మనవాళ్ళు లేని ఇంట ఉండవలదు’’ అని పట్టుపట్టియున్నచో ఏమై యుండెడిదో పాఠకులే ఊహించుకొందురు గాక.

మన సంఘమునకు మా విన్నపము ఇది. ఊరు మారు కుటుంబములకు సంఘము సాయము చేయవలసినదే. కాని ‘మనవాళ్ళ ఇండ్లు’ అను జాబితా కాదు చేయవలసినది. ఏ పేటలో నీరు బాగున్నది, ఏ యజమాని న్యాయముగా వర్తించును, ఏ దారి వానకు మునుగును అను సంగతులను, అక్కడ కాపురమున్నవారినుండి సేకరించి, అడిగినవారికెల్ల ఇయ్యవలెను. పోవు పిల్లలకు పోకముందే కన్నడము చదువను వ్రాయను నేర్పవలెను. మాట యెటులను మన జిల్లా బిడ్డలకు వచ్చును, అక్షరము కూడ రావలెను. నగరములో ఎక్కడెక్కడ మన కుటుంబములు రెండు మూడున్నను, అక్కడ ఆదివారము ఒక గంట తెలుగు పాఠము జరుగునట్లు చూడవలెను. పేటను తెలుగు చేయ నక్కరలేదు; ఆ గంటను తెలుగు చేసిన చాలును. ఇక మన సభ్యులలో ఇండ్లు అద్దెకిచ్చువారందరు ‘‘మీరెవరు?’’ అను ప్రశ్నను నేటినుండి మానుదుమని ఈ సంవత్సరపు సర్వసభ్య సమావేశమున మాట ఇయ్యవలెను. ఆ మాట ఇచ్చుటకు ఎందరు లేచి నిలుతురో చూచినచో, మనము సంస్కృతి యని దేనిని పిలుచుచున్నామో తేటపడును.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఇల్లు వెదకుచు నగరమునుండి ఫోను చేసినపుడు ‘‘అక్కడ మనవాళ్ళు ఉన్నారా?’’ యని అడుగకుడు. ‘‘ప్రక్కయింటివారి పేరేమి నాయనా? వారిని పలకరించితివా?’’ యని అడుగుడు. బిడ్డ పలకరించి వచ్చి ఆ పేరు చెప్పిన దినమున ఆ పేటలో మనవాళ్ళు ఉన్నట్లే.